ఒడ్డున డబ్బాల మోత

ఒకటో రోజు

పడవ ఎక్కేచోట ఒక రంగుల కరపత్రం చేతిలో పెట్టారు. "నది విహారంలో మీకు ఏమేమి ఎదురవుతాయి" అని పైన రాసి ఉంది. అచ్చు ఒక పక్కే, రెండో పక్క ఖాళీ. మెరక పట్నంలో తెల్ల కాగితం ఎంత అపురూపమో తెలిసినవాణ్ణి, జనం పారేసినవన్నీ ఏరుకున్నాను. కంపెనీ చెప్పింది అటు పక్క ఉంటుంది. నిజంగా జరిగింది ఇటు పక్క నేను రాస్తాను. తిరిగి వెళ్ళాక మా చదువరుల బృందంలో పైకి చదువుతాను.

పడవ పేరు నిశ్చింత. కంపెనీ పేరూ అదే. నలభైమందిమి ఎక్కాం. నాతో ఉన్నది మా మేనత్త రాఘవమ్మ. నీళ్ళు శుద్ధిచేసే మిల్లులో జుట్టు నెరిసేదాకా పనిచేసింది. పనివాళ్ళకు బతుకులో ఒక్కసారి ఇచ్చే నది సెలవు ఆమెకు ఈ ఏడాది వచ్చింది. తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చు. చిన్నప్పటినుంచీ నన్ను పెంచింది ఆమే, అందుకని నన్నే తెచ్చుకుంది. జనాన్ని వెళ్ళగొట్టి ముంచేసిన ఊళ్ళ మీద షికారేమిటి, సిగ్గుండాలి అన్నాను.

"సరే, సిగ్గుపడుతూనే రారా భానోజీ. నాకు పెట్టె మోసేవాడు కావాలి" అంది.

పెట్టె కాక ఒక పాత బిస్కెట్ల రేకు డబ్బా కూడా తెచ్చింది. పడవలో రోజూ కొత్త సబ్బు ఇస్తారట. అవన్నీ దాచి మిల్లులో స్నేహితురాళ్ళకు పంచాలట.

ఎక్కగానే మణికట్టుకు ఒక పట్టీ వేశారు. మనసు కుదురుగా ఉంటే ఆకుపచ్చగా వెలుగుతుంది. జంకితే పసుపు, భయపడితే ఎరుపు. పడవ నడిపేది యంత్రం. పాత అలవాటు కొద్దీ దాన్ని సరంగు అంటారు. సరంగు నది కంటే మా పట్టీలనే ఎక్కువగా చూసుకుంటూ పడవ నడుపుతుంది. కరపత్రంలో అన్నిటికంటే లావుపాటి అక్షరాలు ఇవి: "మీలో ఏ ఒక్కరు భయపడినా పడవ అటు పోదు. ఇది మా మాట."

నా గుండె చప్పుడు కంపెనీకి ఎందుకు? పట్టీ లాగి బల్ల మీద పడేశాను.

పడవ నడినదిలో ఆగిపోయింది. పైనుంచి కూత మొదలైంది. పట్టీ ఊడితే మనిషి నీళ్ళలో పడ్డట్టు లెక్కట. దొరికేదాకా సరంగు అక్కడే గుండ్రంగా తిరుగుతూ వెతుకుతుందట. పడవ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క ఉద్యోగి ప్రసన్నరాజు, అతిథులను నవ్వించడం అతని పని, పరుగెత్తుకొచ్చాడు. పట్టీ మళ్ళీ నా చేతికి తొడిగి, ఊడకుండా ఉక్కు బిళ్ళ బిగించాడు.

"ఇక ఇది రేవులోనే ఊడుతుంది తమ్ముడూ. ఏమీ అనుకోకు" అన్నాడు.

అందరూ నావైపు గుర్రుగా చూశారు. అత్త నా చెవి పట్టుకుంది. "మళ్ళీ ఇలాంటి వేషం వేశావంటే మెలిపెట్టి చేతిలో పెడతా" అంది. నేను చొక్కా చెయ్యి కిందికి లాగి పట్టీని కప్పేశాను. దాని రంగు వాళ్ళకు కావాలి, నాకు అక్కర్లేదు.

రెండో రోజు

కొండల మధ్యకు వచ్చాం. ఇక్కడ గోదావరి నల్లగా, కదలనట్టుగా ఉంది. నీళ్ళలోంచి పాత కరెంటు స్తంభాల కొసలు పైకి వచ్చి ఉన్నాయి. వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి.

సరంగు గొంతు తియ్యగా ఉంటుంది. "ఇప్పుడు మన అడుగున ఒక బడి ఉంది. అందరూ ఒకసారి చేతులు ఊపండి" అంది. జనం నీళ్ళకేసి చేతులు ఊపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అత్త కూడా ఊపింది. ఎందుకూ అంటే, "బడే కదరా, ఊపితే తప్పేంటి" అంది.

మధ్యాహ్నం భోజనంలో పులస పులుసు. మా బల్ల దగ్గర మార్కండేయులు గారని రేషను శాఖలో పెద్ద హోదాలో పనిచేసి దిగిన ఆయన ఉన్నారు. "ముల్లు లేని పులసేమిటండీ, అచ్చులో పోసినట్టుంది" అని మూడుసార్లు అన్నారు, మూడుసార్లు వడ్డించుకున్నారు. తింటుండగా కిటికీలోంచి ఒక మాను కొట్టుకురావడం చూసి మొసలి అనుకున్నారు. ఆయన పట్టీ ఎర్రబడింది. వెంటనే పడవ పక్కకు ఒరిగి అవతలి వైపుకు తిరిగింది. పులుసు అందరి ఒళ్ళోనూ పడింది.

కంపెనీ మాట నిజమే. ఒక్కడు భయపడితే నలభైమందీ తిరగాల్సిందే.

సాయంత్రం కొండవాలులో పొగ కనిపించింది. ఒడ్డువాళ్ళు. ఊళ్ళు మునిగినప్పుడు మెరకకు రామని కొండల్లోనే ఉండిపోయినవాళ్ళ మనవలు. నా జీవితంలో మొదటిసారి వాళ్ళ పొగ చూశాను. వాళ్ళ గురించి కంపెనీ కరపత్రం ఇలా అంటుంది: "డబ్బాల చప్పుడు వినిపిస్తే కిటికీలు మూసుకోండి. ఒడ్డుకు దూరంగా ఉంటాం."

మేం చాటుగా చదువుకునే కరపత్రాలు వేరు. వాటిలో ఒకటి నాకు కంఠతా వచ్చు: "డబ్బాల మోత పల్లం మేలుకున్న గుర్తు. ఆ రోజున మెరకవాళ్ళ విహారపు పడవలను ఒడ్డుకు ఈడ్చి లెక్క అడుగుతారు. అడిగే హక్కు వాళ్ళది." ఈ వాక్యాలు చదివినప్పుడల్లా నా ఒళ్ళు జలదరిస్తుంది. దాన్ని నేను ఆవేశం అంటాను.

మూడో రోజు

తెల్లారినప్పటినుంచీ వాన. ఎడమ పక్క కొండచరియ పడవ మీదికి వంగినట్టుంటే ఎవరో భయపడ్డారు. సరంగు కుడికి తిరిగింది. అటు నీళ్ళలో మునిగిన స్తంభం ఒకటి అడుగును గీసుకుంటూ పోయింది. పలక మీద మేకుతో గీసినట్టు చప్పుడు. "ఇసుక, ఇసుక" అని ప్రసన్నరాజు నవ్వుతూ జిలేబీలు పంచాడు.

మధ్యాహ్నానికి అత్త చెప్పులు గదిలో తేలుతున్నాయి.

నేను ప్రసన్నరాజును పట్టుకుని నిలదీశాను. అతను నన్ను వంటగదిలోకి లాగి తలుపేశాడు. నవ్వు లేకపోతే అతని మొహం ఎవరిదో అన్నట్టుంది.

"అడుగున చీలిక పడింది. పంపు నడుస్తోంది, చాలట్లేదు. పైన ఆనకట్ట తలుపులు తీశారంట, వరద వస్తోంది. ఒడ్డుకు చేరాలి. కంపెనీకి కబురుపెట్టాను."

"ఏమన్నారు?"

"అతిథులను ప్రశాంతంగా ఉంచమన్నారు."

"మరి జనానికి చెప్పవేం?"

"చెప్తే అందరూ ఎర్రబడిపోతారు తమ్ముడూ. అప్పుడు ఈ పడవ ఎటని పోతుంది?"

నిజం దాచేవాడి నోట ఎప్పుడూ ఇదే మాట వస్తుందని నేను చదివాను. నిజం జనం సొత్తు. వెళ్ళి భోజనాల బల్ల ఎక్కి మొత్తం చెప్పేశాను.

నలభై పట్టీలు ఎర్రగా వెలిగాయి. కొందరు కొండను చూసి, కొందరు నీళ్ళను చూసి, కొందరు వచ్చిన దారిని చూసి భయపడ్డారు. సరంగు అన్నిటికీ దూరంగా పోవాలని చూసింది. పడవ ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలుపెట్టింది. గిన్నెలు, కుర్చీలు, మనుషులు ఒక మూలకు దొర్లారు. ఒకావిడ తలుపు పట్టుకుని అలాగే వాంతి చేసుకుంది. ప్రసన్నరాజు నేలమీద కూర్చుని, గొంతు వణుకుతున్నా వదలకుండా పెళ్ళిపాటలు పాడాడు. అత్త అందుకుంది. తర్వాత ఇంకొందరు. చాలాసేపటికి పట్టీలు పసుపుకు దిగి పడవ నిలబడింది.

చెప్పడం తప్పని ఇప్పటికీ అనుకోను. చెప్పి బల్ల దిగిపోవడం చాలదని మాత్రం తెలిసింది.

అత్త సబ్బుల డబ్బా మూత తీసి, నా కాగితాలు అందులో పెట్టి మూసింది.

నాలుగో రోజు

ఇది ఒడ్డు మీద కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్నే వరద వచ్చింది. నది ఎర్రగా, ఎత్తుగా ఉంది. చెట్లు వేళ్ళతో సహా పోతున్నాయి. కింది గదులు మునిగాయి, అందరం పై అంతస్తులోకి చేరాం. అత్త చంకలో సబ్బుల డబ్బా ఉంది. నీళ్ళంటే అందరికీ భయమే కాబట్టి సరంగు దానంతట అదే ఒడ్డుకేసి తిరిగింది. మొదటిసారి దానిమీద నాకు ఇష్టం కలిగింది.

అప్పుడు వినిపించింది. వాన చప్పుడును చీల్చుకుంటూ డబ్బాల మోత.

ఒడ్డు దగ్గర నీళ్ళలో మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. ఆడా మగా, నడుములోతున. ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో కర్ర. కొందరి భుజాన పొడుగాటి కత్తులు. వాళ్ళ మొహాలు వానలో కనబడడం లేదు. మోత ఒకే లయలో ఉంది, ఆగడం లేదు.

పడవలో కేకలు లేచాయి. పడవ వెనక్కి తిరిగి నడినదిలోకి పోయింది. ఒక చెట్టు వచ్చి పక్కను గుద్దింది.

ప్రసన్నరాజు కిటికీలన్నీ మూయించాడు. "ఎవరూ బయటికి చూడకండి, మీ ఇంటి గుమ్మం తలుచుకోండి" అని ఒక్కొక్కరి దగ్గరా కూర్చున్నాడు. పట్టీలు చల్లబడ్డాయి. పడవ రెండోసారి ఒడ్డుకు తిరిగింది. నేను మాత్రం నా కిటికీ మూయలేదు. వాళ్ళ నుంచి మొహం దాచుకోవడానికి నేనేమన్నా కంపెనీవాణ్ణా?

కొంచెం దూరం పోయి పడవ మళ్ళీ వెనక్కి తిరిగింది.

నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. మూడోసారి కూడా అంతే. ఒడ్డు ఒక తాడు విసురు దూరంలోకి వచ్చాక, డబ్బా కొట్టే చేతులు కూడా కనబడుతుండగా, పడవ ముక్కు పక్కకు తిప్పుకుంది.

"ఎవరో ఒక్కరు" అన్నాడు ప్రసన్నరాజు. గొంతు పూర్తిగా పోయింది. "ఒక్కరే ఆపుతున్నారు. దయచేసి..."

నేను మార్కండేయులు గారి మీదికి వెళ్ళాను. "మీరే. మానును చూసి మొసలి అన్న మనిషి మీరు. ఆ జనం కూడు లాక్కుని రేషను పంచినవాళ్ళు కాబట్టి మీకు వాళ్ళంటే వణుకు. మీ ఒక్కరి పిరికితనానికి ఇంతమంది చావాలా?"

ఆయన చెయ్యి చాపి చూపించారు. పట్టీ పసుపు. ఆయన కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ, వణుకుతూ కూడా దాన్ని పసుపులోనే నిలబెట్టుకుంటున్నారు. పక్కవాళ్ళూ చేతులు చాపారు. పసుపు, పసుపు, ఆకుపచ్చ. నడుం దగ్గరికి వస్తున్న నీళ్ళ మీద చేతులన్నీ వరసగా.

అత్త నా దగ్గరికి వచ్చింది. నా చొక్కా చెయ్యి పైకి లాగింది.

ఎరుపు. అంత ఎరుపు నేను ఎవరి చేతికీ చూడలేదు.

"ఇది ఆవేశం" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"ఆవేశమో ఏదో, దాన్ని ఆపరా నాయనా" అంది అత్త. ఆమెకు ఈత రాదు. నా భుజం పట్టుకున్న చెయ్యి చల్లగా ఉంది.

ఈడుస్తారు, లెక్క అడుగుతారు. ఎన్నిసార్లు చదివాను ఆ మాటలు. ఇన్నాళ్ళూ నేను అడిగేవాళ్ళ పక్కన నిలబడి చదివాను. ఇప్పుడు అడిగించుకునే పడవలో ఉన్నాను. ఆ కత్తులు చూస్తుంటే నా నోట్లో తడి లేదు. ఈ మనుషుల తరఫున ఎన్నో వాదనలు చేశాను. వీళ్ళలో ఒక్కరి గొంతు కూడా ఎన్నడూ వినలేదు. భయపడకు అని నాకు నేను చెప్పుకున్నకొద్దీ పట్టీ ఇంకా మండింది. పీకబోయాను. ఉక్కు బిళ్ళ కదల్లేదు. కదిలినా ఏం లాభం, ఈ వరదలో పడవ ఆగి నన్ను వెతుకుతూ తిరిగేది.

అప్పుడు ఒడ్డు వరసలో అందరికంటే ముందున్న ముసలావిడ డబ్బా కొట్టడం ఆపి, తెరిచి ఉన్న ఒకే ఒక్క కిటికీకేసి, అంటే నాకేసి, గొంతెత్తింది.

"ఏరా, పెళ్ళిచూపులకొచ్చినోడిలా అలా చూత్తావేంటి? పొద్దున్నుంచి నీళ్ళలో నిలబడి మా నడుములు పడిపోతన్నాయి. ఇటొత్తారు, అటు పోతారు, ఏంటా తైతక్కలు? తాడు ఇసుర్తాను, అందుకుంటావా, నన్నే వచ్చి నీ చెవి మెలిపెట్టమంటావా?"

నేను అత్తకేసి చూశాను. అత్త కిటికీకేసి చూస్తోంది.

"ఎవరో గానీ, మంచి మనిషిలా ఉంది" అంది.

నా లోపల ఏదో ఊడిపోయింది. నవ్వో ఏడుపో, గట్టిగా వచ్చింది. ప్రాణం తీసేవాళ్ళు నడుములు పడిపోతున్నాయని గోల పెట్టరు. చెవి మెలిపెడతామని బెదిరించరు. పట్టీ పసుపైంది. నేను దాన్ని చూడలేదు, అత్త చెప్పింది. పడవ ముక్కు మెల్లగా ఒడ్డుకు తిరిగింది. తాడు వచ్చి నా మొహానికి తగిలింది. అందుకున్నాను.

కత్తులవాళ్ళు ముందు నీళ్ళలోకి దూకి, పడవ అడుగున తిరిగే రెక్కలకు చుట్టుకున్న వలలూ తీగలూ నరికారు. మిగతావాళ్ళు వరసగా నిలబడి మమ్మల్ని చేతి నుంచి చేతికి అందించారు. మార్కండేయులు గారిని దించుతూ ఒకడు "ఈ తాత బరువు బాగానే ఉన్నాడే, పులస తిన్నాడేమో" అన్నాడు. ఆఖరి మనిషి దిగిన కాసేపటికి నిశ్చింత పక్కకు ఒరిగి మునిగిపోయింది. సరంగు గొంతు నీళ్ళలోంచి కొంతసేపు వినిపించింది. నిశ్చింతగా ఉండండి, నిశ్చింతగా ఉండండి, అని.

ఐదో రోజు

ఆ ముసలావిడ పేరు సింగారమ్మ. మాకు అంబలి పోసింది. డబ్బాలు ఎందుకు కొడతారని అడిగాను.

"వానలో మనిషి కనపడడు గదా, చప్పుడు ఇనపడతాది. డబ్బా మోగినచోట నడుములోతని గుర్తు. అక్కడికొత్తే నేల దొరుకుద్ది. మా తాతలప్పటినుంచీ ఒడ్డు చూపడమంటే ఇదే."

"ప్రతి పడవకూ ఇలాగే నిలబడతారా?"

"వరదొచ్చినప్పుడల్లా. మీవోళ్ళు కిటికీలు మూసేసుకుని నడిమధ్యకే పోతారు. ఎందుకో మరి." నా గిన్నెలో ఇంకొంచెం పోసింది. "కింద మలుపు కాడ తేలతారు, తర్వాత."

గిన్నె కింద పెట్టాను. ఆ పడవల్లో వెళ్ళినవాళ్ళ గురించి మెరకలో ఏం చెప్పారో నాకు గుర్తుంది. ఒడ్డువాళ్ళు ఈడ్చేశారని కంపెనీ చెప్పింది. అవును, ఈడ్చారు, అడగాల్సిన లెక్క అడిగారని మా కరపత్రం గర్వంగా రాసింది. రెండూ ఒకే కథ చెప్పాయి.

ఇంతలో పైనుంచి కేక వినిపించింది. ఇంకో పడవ వస్తోంది. మా వెనక బయల్దేరిన జోడు పడవ. పంపు నీళ్ళు పక్కనుంచి ధారగా పోస్తోంది. అది కూడా ఎక్కడో చీలింది.

నిన్నటి మా పడవలోవాళ్ళం చాలామందిమి వరసలో దిగాం. ప్రసన్నరాజు దిగాడు. మార్కండేయులు గారు కూడా, చేతికి దొరికిన పళ్ళెంతో. నా పక్క సింగారమ్మ. వరద కాళ్ళ కింద ఇసుకను లాగేస్తోంది. నిలబడటమే కష్టం. పళ్ళు బిగించి డబ్బా కొట్టాను.

ఇక్కడినుంచి చూస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. పడవ మనవైపుకు వస్తుంది. కిటికీల్లో మొహాలు కనబడతాయి. తర్వాత కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటాయి. పడవ తిరిగి వెళ్ళిపోతుంది.

రెండుసార్లు అలాగే పోయింది. చలికి చేతులు కొంకర్లు పోయినవాళ్ళను వరసలోంచి మార్చి కాసేపు గట్టు మీద కూర్చోబెడతారు. నా వంతు ముగిసి గట్టెక్కి ఇది రాస్తున్నాను. పడవ మూడోసారి ఇటు తిరుగుతోంది. అవతల నుంచి ఒక పెద్ద మాను వస్తోంది. ఇంకోసారి నడిమధ్యకు పోతే తిరిగి రాదు.

ఒక్క కిటికీ ఇంకా తెరిచే ఉంది. అందులో ఎవరో నా ఈడువాడు. మొహం నాకు తెలిసిన మొహంలాగే ఉంది.

"తిట్టండి" అని సింగారమ్మకు అరిచి చెప్పాను. "డబ్బాలు చాలవు. నిన్న నన్ను తిట్టినట్టు తిట్టండి."

ఆమె గొంతు నిన్నటికే బొంగురుపోయింది. అత్త ఇటు చూసింది. గట్టు మీదున్న సబ్బుల డబ్బా తీసి, సబ్బులు గడ్డిలో గుమ్మరించి, నా కాగితాలు నా ఒళ్ళో పడేసింది.

"ఇవి చొక్కాలో పెట్టుకో. డబ్బా నాక్కావాలి" అంది.

ఈత రాని మనిషి, చీర బిగించి నీళ్ళలోకి దిగుతోంది. నడుములోతుకు వచ్చేసింది. డబ్బా కొడుతూ, మిల్లు యంత్రాల హోరుకు అలవాటుపడ్డ ఆ గొంతుతో, ఆ కిటికీలోవాడి చదువునూ, పెంపకాన్నీ, వాడి రెండు చెవుల్నీ కలిపి తిడుతోంది.

కిటికీ ఇంకా మూయలేదు. అత్త పక్కన వరసలో ఖాళీ ఉంది. వెళ్తున్నాను.